గండం గడవనివారి సాక్ష్యాలూ వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక భక్తి పేజీలో వచ్చే సాక్ష్యాలు, అంటే దేవుడు తమకు చేసిన మేలును విశ్వాసులు చెప్పుకునే మాటలు, వదలకుండా చదువుతాను. అన్నీ గండం గడిచినవారివే. ప్రార్థన ఎండిపోయి, ఇంకా ఆ ఎండలోనే నడుస్తున్నవారి మాట ఒక్కటీ కనబడదు.

నేను సండేస్కూలు టీచరును. మా వారు పోయాక పిల్లలకు ప్రార్థన నేర్పి ఇంటికి వచ్చేదాన్ని. నేను మోకరిస్తే మాత్రం మాట పెగిలేది కాదు. ఏదో పాపం దాచి ఉంటావు, ఒప్పుకో అన్నారొకరు. ఉపవాసాలు పెంచమన్నారు మరొకరు. కష్టాల్లో ఉన్న యోబును నీ పాపమే కారణమని నిందించిన స్నేహితుల్లాంటివారికి ఏ కాలంలోనూ కొదవ లేదు!

బైబిల్లో, "నా ప్రాణం తీసుకో" అని దేవుణ్ణి వేడుకుని బదరీ చెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తను దేవదూత మందలించలేదు. లేచి తినమన్నాడు. కాల్చిన రొట్టె, నీళ్లు. తిని మళ్లీ నిద్రపోయినా ఏమీ అనలేదు, రెండోసారీ తట్టి లేపి తినమన్నాడు. హోరేబు కొండ మీద దేవుడు మెల్లని స్వరంతో అతనితో మాట్లాడడం ఆ తరువాతి సంగతి. అందుకే నిద్రాహారాలు తప్పినవారిని ముందు డాక్టరుకు చూపించండి అంటాను. అది అవిశ్వాసమేమీ కాదు.

బైబిల్లోని 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, ఓదార్పు వాక్యం ఒక్కటీ లేకుండా. అయినా దాన్ని గ్రంథంలోంచి ఎవరూ తీసేయలేదు. నా దగ్గర మాటల్లేని రోజుల్లో ఆ మాటలనే అరువు తెచ్చుకుని పైకి చదివేదాన్ని. మనసు కరుగుతుందా లేదా అని చూడడం మానేశాను. సంఘంలోని ఒక పెద్దావిడ వచ్చి, సలహా ఏదీ ఇవ్వకుండా, నా బదులు తానే ప్రార్థించి వెళ్లేది. నన్ను నిలబెట్టింది ఎక్కువగా అదే.

మదర్ థెరీసా 1997లో కన్నుమూశారు. దశాబ్దాలపాటు ఆమె లోపల అనుభవించిన శూన్యం, 2007లో ఆమె ఉత్తరాలు అచ్చయ్యాకే చాలామందికి తెలిసింది. అంతటి ఆవిడ సేవ ఆపలేదు సరే, ఆ భారాన్ని గురువులకు తప్ప ఎవరికీ చెప్పుకోలేకపోయారు. మామూలు విశ్వాసి ఎవరితో చెప్పుకుంటాడు?

ఒకనాడు తరగతిలో ఒక పిల్ల, "దేవుడికి మన గొంతు గుర్తుంటుందా, టీచర్?" అని అడిగింది. ఉంటుందన్నాను. నమ్మే అన్నానని ఇంటికి వచ్చాక తెలిసింది. నాలో తడి మళ్లీ ఎప్పుడు ఊరిందంటే ఇంతకన్నా చెప్పలేను.

దయచేసి ఇంకా దారిలోనే ఉన్నవారి ఉత్తరాలనూ అడిగి వేయండి. ముగింపు లేదని తిప్పి పంపకండి.

ఇట్లు,
ఒక సండేస్కూలు ఉపాధ్యాయిని