ఏ దాణా, ఏ పూట?

సంపాదకులకు,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో ఎండాకాలపు పాడి గురించి వచ్చిన సలహాలు చదివినప్పటి నుంచీ రాద్దామనే అనుకుంటున్నాను. ఆవులు వదిలితే కదా! 'పాలు తగ్గితే దాణా పెంచండి' అని అధికారి గారు సెలవిచ్చారు. ఏ దాణా? ఏ పూట? ఆ రెండూ చెప్పలేదు. 42 డిగ్రీల ఎండలో రేకుల పాక కింద ఆవుల్ని కట్టుకునేవాళ్లం అడిగేది అదే.

సంకర జాతి ఆవు ఎండకు ముందు మానేసేది కసువే, అంటే గడ్డీ చొప్పే. జొన్న చొప్పను మూతితో పక్కకు నెట్టి, అడుగున ఉన్న దాణా ఏరుకుని తింటుంది. తింటోంది కదా అని మనం మురిసిపోతాం. చొప్ప తగ్గితే నెమరు తగ్గుతుంది, నెమరుతో ఊరే ఉమ్మీ తగ్గుతుంది. కడుపులో పులుపును విరిచేది ఆ ఉమ్మే. ఉన్న కాస్తా రొప్పుడుకు చొంగై నేల మీద కారిపోతుంది. సరిగ్గా అప్పుడే మనం నూకల జావో గోధుమ రవ్వో పోస్తాం. అవి కడుపులో తొందరగా పులుస్తాయి, పులిసేటప్పుడు వేడి పుడుతుంది. బయట ఎండ చాలనట్టు లోపల మరో పొయ్యి! మొక్కజొన్న, జొన్న నిదానంగా అరుగుతాయి. ఆస్ట్రేలియాలో గోధుమల బదులు మొక్కజొన్న పెట్టి చూస్తే ఎండ వేళ ఆవుల ఒంటి వేడి తగ్గిందట. జొన్న మనకు కొత్తది కాదు. కాకపోతే మర పట్టించి పెట్టాలి, లేదంటే గింజలు గింజలుగానే పేడలో పడి మా కోళ్లకు పండగ.

పోయిన వేసవిలో నేనూ ఆ తప్పే చేశాను. పాలు తగ్గాయని రోజుకు కిలో నూకలు ఎక్కువ వండి పోశాను, అదీ పొద్దున పదింటికి. మిట్టమధ్యాహ్నానికి ఆవు నాలుక బయట పెట్టి రొప్పింది. వారానికి పేడ పలచబడింది, పాలలో వెన్న 3.8 శాతం నుంచి 3.1కి దిగింది. పాల కేంద్రంలో రేటు కోశారు. ఇప్పుడు దాణాను మబ్బులోనే, తెల్లారకముందే ఒకసారి, రాత్రి ఎనిమిది దాటాక ఒకసారి పెడుతున్నాను. చల్లటి పూట చొప్ప కూడా తింటోంది.

ఇది చెప్పడానికి మాకు ఒక మనిషి కావాలి. మొన్న అవగాహన సదస్సు పెట్టారు, పగలు పన్నెండింటికి. షామియానా, కూలర్లు, నీళ్ల సీసాలు అన్నీ ఉన్నాయి. పాపం, ఆవులకే పిలుపు లేదు. వెనకటికి మా ఊరికి సైకిల్ మీద ఒక కాంపౌండర్ వచ్చేవాడు. తెల్లారకముందే పాకలోకి దిగి, పేడ చూసి, వాసన పట్టి, నిన్న ఏం పెట్టావో చెప్పేవాడు. ఇప్పుడు వచ్చేవాళ్లు ఫోటో తీసి యాప్‌లో ఎక్కించి వెళ్తున్నారు. రేపు పేడకూ ఆధార్ అడుగుతారేమో.

ఇక దాణా సంచి సంగతి. నేను కొన్న దాని మీద ప్రొటీన్ 20 శాతం, కొవ్వు ఇంత, పీచు ఇంత అని అచ్చేశారు. లోపల ఉన్నది మొక్కజొన్నా, నూకలా, గోధుమ పొట్టా? ఏది ఎంత? ఒక్క ముక్క లేదు. అమ్మేవాడిని అడిగితే 'అన్నీ ఉంటాయన్నా' అన్నాడు. బిస్కెట్ పొట్లం మీద రాసేది ఐదొందల కిలోల పశువు తినే సంచి మీద ఎందుకు రాయరు? రాయించే అధికారం ఉన్నవాళ్లు సదస్సులో పక్కనే కూర్చుని ఉన్నారు, ఎవరూ ఆ ఊసెత్తలేదు.

ఈ ఉత్తరం మీరు వేసేసరికి వానలు పడినా పడొచ్చు. దాచిపెట్టి వచ్చే మార్చిలో వేసినా నాకు అభ్యంతరం లేదు. అప్పటికి ఆ సలహా మళ్లీ అలాగే అచ్చవుతుంది కదా.

— ఒక పాడి రైతు, కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా