అత్తయ్యకి నిజం చెప్పెయ్యమ్మా

పారిస్,
నవంబరు 16

అమ్మా,

ఫోన్లో అయితే ఇద్దరం అరుచుకుంటున్నాం, అందుకని ఉత్తరం. తమ్ముడి చేత చదివించుకోకు, నువ్వే చదువు. ముందు నువ్వు అడిగేవాటికి జవాబులు. తింటున్నాను. దగ్గు తగ్గింది. స్వెట్టరు కింద ఇంకో స్వెట్టరు వేసుకుంటున్నాను. శని, ఆదివారాలు కొట్లో పని అలాగే ఉంది, రాయడానికేం లేదు. లా షపెల్ వైపు అరవవాళ్ళ కొట్లలో కరివేపాకు, మునక్కాయలు దొరుకుతున్నాయి. గోంగూర మాత్రం నా కంటపడలేదు.

మొన్న కాకినాడ పెద్దత్తయ్య ఫోన్ చేసింది. "కంప్యూటర్ ఉద్యోగాలు పోతున్నాయటగా, నీ ఎమ్మెస్ సంగతేంటే?" అంది. ఎవరి ఎమ్మెస్సా అని ఒక్క క్షణం తెల్లమొహం వేశాను. తర్వాత వెలిగింది. నువ్వే చెప్పావు కదూ? "బాగానే ఉందత్తయ్యా" అని నేనూ అనేశాను. అలా అనేసినందుకే రాత్రి నిద్ర పట్టలేదు.

నీ మీద కోపం లేదు. సంబంధాలవాళ్ళ దగ్గర "సినిమా చదువుతోంది" అంటే మొహాలు ఎలా మారతాయో నాకూ తెలుసు. నేను వేషాలు వెయ్యడానికి రాలేదు, అరవై ఏళ్ళ కిందటి సినిమాలు చూసి వాటి మీద పేజీలకి పేజీలు రాస్తున్నాను అంటే ఎవరు నమ్ముతారు? కానీ ఇది విను. ఆ రోజుల్లో ఇక్కడ పాత పద్ధతి కాదని కొత్తరకంగా సినిమాలు తీసినవాళ్ళని న్యూ వేవ్ వాళ్ళంటారు. వాళ్ళలో ఎరిక్ రోమెర్ అని ఒకాయన ఉన్నాడు. అసలు పేరు మోరిస్ షెరెర్, బళ్ళో సాహిత్యం చెప్పే మాస్టారు. ఇంట్లో తెలియకూడదని మారుపేరుతో సినిమాలు తీశాడు. కొడుకు పేరు దేశదేశాలు తిరిగినా వాళ్ళమ్మకి మాత్రం ఆ దర్శకుడు తన కొడుకేనని తెలియదట. మాస్టారనుకుంటూనే పోయిందట. క్లాసులో ఇది విని అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆయన అమ్మ దగ్గర దాచాడు. నేను నీ దగ్గర ఏదీ దాచలేదు. దాస్తున్నది నువ్వు.

సరే, వదిలెయ్. నాయనమ్మ మోకాలు ఎలా ఉంది? కొత్త చక్రాల కుర్చీలో కూర్చుంటోందా, ఇంకా అలిగే ఉందా?

నాన్నకి చెప్పు, ఈ న్యూ వేవ్ వాళ్ళందరూ డబ్బున్నవాళ్ళేం కాదని. చాలామంది ఓ పత్రికలో సినిమా సమీక్షలు రాసుకునే కుర్రాళ్ళు. మన యానాంలో ఫ్రెంచి జెండా దిగిందని తాతయ్య చెప్పే 1954లోనే, జనవరిలో, త్రూఫో అనే ఇరవై ఒక్కేళ్ళవాడు అక్కడి పేరున్న సినిమావాళ్ళని ఏకిపారేస్తూ వ్యాసం రాశాడు. 1958లో వాణ్ణి కాన్ సినిమా ఉత్సవానికి రావద్దన్నారు. మరుసటేడు తన మొదటి పెద్ద సినిమాతో అక్కడే ఉత్తమ దర్శకుడి బహుమతి కొట్టాడు. షబ్రోల్ అనే ఇంకొకడు భార్యకి వచ్చిన వారసత్వం డబ్బుతో, తను చిన్నప్పుడు యుద్ధం రోజుల్లో ఉన్న పల్లెటూళ్ళోనే మొదటి సినిమా తీశాడు. ఈ షబ్రోల్ సంగతి మాత్రం నాన్నకి చెప్పకు. చేను తాకట్టు పెట్టింది చాలక కట్నం డబ్బు కూడా అడుగుతానని భయపడతారు.

అసలు నీకు చెప్పాలనుకున్నది ఆనియెస్ వార్దా గురించి. ఈ మగపిల్లలందరికంటే ముందు, 1955లోనే, తొలి సినిమా తీసేసింది. 2019లో పోయింది, తొంభై ఏళ్ళకి. పారిస్‌లో దగేర్ వీధి అని ఉంది, 1951 నుంచీ అక్కడే కాపురం. 1970ల్లో ఆవిడకి రెండేళ్ళ పిల్లాడు. వాణ్ణి వదిలి దూరం వెళ్ళలేదు. ఏం చేసిందో తెలుసా? ఇంట్లోంచి కరెంటు వైరు బయటికి లాగింది. ఆ వైరు ఎంతవరకు వస్తే అంతవరకే సినిమా. రొట్టెల కొట్టు, మాంసం కొట్టు, గడియారాలు బాగుచేసేవాడు, దర్జీ. ఎవరెవరు ఏం కొనుక్కుపోతున్నారో అలా చూస్తూ కూర్చుంది. అందులో అత్తర్లు అమ్మే ముసలి దంపతులున్నారు. పొద్దుగూకేసరికి ఆ ముసలామెకి ఎక్కడికో వెళ్ళిపోవాలనిపిస్తుంది. తలుపు దాకా వస్తుంది, వెళ్ళదు.

అది చూస్తుంటే నువ్వే గుర్తొచ్చావు. తమ్ముడు పాకే రోజుల్లో నువ్వు మిషను వీధరుగు మీదికి మార్చావు కదా, ఒక కన్ను సూది మీద, ఒక కన్ను వాడి మీద. జాకెట్లకని, ఫాల్ కుట్టించడానికని వచ్చినవాళ్ళందరూ కాసేపు కూర్చుని కష్టాలు చెప్పుకునేవారు. ఎవరి కొలత ఎంత పెరిగిందో, ఎవరింట్లో గొడవో, ఊళ్ళో నీకు తెలియనిది లేదు. పాపం, నువ్వు మాత్రం కాకినాడ వెళ్ళి రావాలన్నా పెళ్ళో చావో ఉండాలి.

పోయిన గురువారం మోంపర్నాస్ శ్మశానానికి వెళ్ళాను. అక్కడే ఆవిణ్ణీ భర్తనీ పక్కపక్కన పెట్టారు. బంగాళాదుంపలంటే ఆవిడకి భలే ఇష్టం, అందులోనూ హృదయం ఆకారంలో ఉన్నవంటే. జనం సమాధి మీద అవి పెట్టి పోతుంటారు. కొట్లో బస్తా అంతా వెతికి ఒకటి పట్టుకెళ్ళాను, కొంచెం హృదయంలా, ఎక్కువ జీడిపిక్కలా ఉంది. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే అక్కడే నిలబడి ఏడ్చాను. కంగారు పడకు, ఇంటికొచ్చి చారు పెట్టుకుని తిన్నాను.

సంక్రాంతికి రాలేను. టిక్కెట్టు ధర చూశాక ఆ మాట ఇక ఎత్తకు.

ఇప్పుడో సాయం. జనవరికి ఓ చిన్న సినిమా చూపించాలి క్లాసులో. తమ్ముణ్ణి మన అరుగు తియ్యమను, ఒక రోజంతా, పొద్దున్న నువ్వు మిషనుకి నూనె వేసిన దగ్గర్నించి దీపాలు పెట్టేదాకా. వచ్చేవాళ్ళతో మామూలుగానే మాట్లాడు, పట్టుచీర కట్టుకుని కూర్చోకు. కెమెరా జరపడానికి ట్రాలీ లేదంటాడు వాడు. ఈ న్యూ వేవ్ వాళ్ళలోనే గోదార్ అనే దర్శకుడి దగ్గరా లేదు, కెమెరామన్‌ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తనే తోశాడు. నాయనమ్మని బతిమాలి ఓ గంట కుర్చీ అడగమను. ఫోను మాత్రం నిలువుగా పట్టుకోవద్దని గట్టిగా చెప్పు, అడ్డంగా.

నీ
చిన్ని