పంచ్‌లు, డైలు కోటింగ్‌కి పంపే ముందు

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి టూల్‌రూమ్ మిత్రులకు నమస్కారం.

పంచ్, డై (రేకును కోసే, వంచే టూల్స్) మీద కోటింగ్ నాలుగు రోజులకే ఊడిందంటే ముందు కింద ఉన్న స్టీలును చూడండి. పీవీడీ (వాక్యూమ్‌లో ఆవిరి రూపంలో వేసే గట్టి పూత) పొర మందం 2 నుంచి 4 మైక్రాన్లే. వైర్‌కట్ (తీగ, కరెంటు నిప్పురవ్వలతో స్టీలు కోయడం) వదిలిన పెళుసు తెల్ల పొర మీద వేస్తే దానితోపాటే పెచ్చులుగా లేస్తుంది. స్కిమ్ కట్లు (పైపైన తేలిక కోతలు) ఇచ్చి, పాలిష్ చేసి ఆ తెల్ల పొరను తీసేయండి. అంచు మీద గోరు పెట్టి లాగండి. బర్ (అంచున మిగిలిన సన్నని ముల్లు) తగిలితే పంపొద్దు, మొదటి దెబ్బలకే అది విరిగి అంచు బోసిగా మిగులుతుంది.

ఛాంబర్ వేడి దాదాపు 450 డిగ్రీలు. డి2 టూల్ స్టీలును 200 దగ్గర టెంపర్ చేసి (గట్టిపరిచాక మళ్లీ వేడిచేసి) ఉంటే మెత్తబడుతుంది, సైజూ మారుతుంది. ముందే 520 దగ్గర టెంపర్ చేయించండి, 58–60 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ కొలతలో) గట్టిదనం నిలుస్తుంది. హెచ్‌ఎస్‌ఎస్‌కి (హై స్పీడ్ స్టీలుకి) ఈ బాధ లేదు.

బ్రేజింగ్ టూలైతే (వేరే లోహం కరిగించి అతికినదైతే) కోటింగ్ వేసేవాళ్లకు తప్పకుండా చెప్పండి. అతుకులో జింక్, కాడ్మియం ఉంటే వాక్యూమ్‌లో ఆవిరై పక్కవాళ్ల టూల్స్ కూడా పాడవుతాయి.

అల్యూమినియం కోయడానికి అల్యూమినియం టైటానియం నైట్రైడ్ పూత వద్దు, లోహం అంటుకుంటుంది. డీఎల్‌సీ (వజ్రంలాంటి కార్బన్ పూత) అడగండి.

ముందు ఒక్క పంచ్‌కే వేయించి, మళ్లీ గ్రైండింగ్‌కి తీసేలోపు ఎన్ని స్ట్రోకులొచ్చాయో, కోటింగ్ లేనిదానికి ఎన్నొచ్చాయో రాసుకుని ఇక్కడ పెట్టండి. సందేహముంటే మన బాలాపూర్ ఏఆర్‌సీఐ (పౌడర్ మెటలర్జీ, కొత్త పదార్థాల పరిశోధన కేంద్రం)లో ఈ పూతల మీద పనిచేసేవాళ్లున్నారు, మొహమాటపడకుండా అడగండి.