నేను కింద పడ్డ చోటే ‘రైడ్ పూర్తయింది’ అన్నారు

సంపాదకుల వారికి నమస్కారం.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో పద్నాలుగేళ్లుగా సేల్స్‌లో పనిచేస్తున్నాను, ఇల్లు బోడుప్పల్‌లో. బైక్ ట్యాక్సీ ప్రమాదాల వార్తలు పేపర్లో రెండు మూడు లైన్లలో వస్తుంటాయి, ‘వెనక కూర్చున్న మహిళకు గాయాలు’ అని. ఆ గాయపడినావిడకు తర్వాత ఏమైంది, ఆసుపత్రి బిల్లు ఎవరు కట్టారు, మళ్లీ పనికి పోగలిగిందా అన్నది ఎక్కడా రాదు. అందుకే నేనే రాస్తున్నాను. ఉత్తరం కొంచెం పెద్దదే, వీలైతే కత్తిరించకుండా వేయండి.

2025 ఆగస్టు, శ్రావణమాసం. షాపులో జనం విపరీతంగా ఉన్నారు, మూసేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటింది, బయట వాన. ఆటోవాళ్లు మూడొందలు అడిగారు. ఫోన్‌లో బైక్ ట్యాక్సీ చూస్తే 94 రూపాయలు చూపించింది, బుక్ చేశాను. వచ్చిన అబ్బాయికి ఇరవై, ఇరవై ఒకటి ఉంటాయేమో, డిగ్రీ చదువుతున్నానని చెప్పాడు, మంచిగా మాట్లాడాడు, హెల్మెట్ కూడా ఇచ్చాడు. నాగోల్ దాటాక ఒక డీసీఎం వ్యాను ఇండికేటర్ వేయకుండా ఒక్కసారిగా ఎడమకు తిప్పేసింది, ఈ అబ్బాయి గట్టిగా బ్రేకు కొట్టాడు, రోడ్డు నిండా నీళ్లు, బండి జారిపోయింది. నా కుడికాలు బండి కింద ఉండిపోయింది. డీసీఎం ఆగలేదు.

పక్కనే టిఫిన్ బండి పెట్టుకున్నాయన, ఇంకో ఇద్దరు కలిసి బండి లేపి నన్ను పక్కకు కూర్చోబెట్టి 108కి ఫోన్ చేశారు. ఆయన పేరు కూడా అడగలేదు నేను, ఇప్పటికీ ఆ దారిలో పోతుంటే చూస్తుంటాను. అంబులెన్సులో ఉండగా నా బ్యాగులో ఫోన్ మోగింది. తీసి చూస్తే యాప్ నుంచి మెసేజ్: మీ రైడ్ పూర్తయింది, 61 రూపాయలు చెల్లించండి, మీ ప్రయాణం ఎలా జరిగిందో రేటింగ్ ఇవ్వండి. కింద ఐదు చుక్కలు. ఆ అబ్బాయి భయంతో యాప్‌లో ట్రిప్ ముగించేశాడు. వాడిని నేను తప్పు పట్టను, వాడికీ మోచేయి చిట్లి రక్తం కారుతోంది. కానీ ఆ ఒక్క నొక్కు వల్ల నేను ఇన్ని నెలలుగా తిరుగుతున్నాను.

మోకాలి కింద ఎముక విరిగింది. ప్లేటు, ఆరు స్క్రూలు వేశారు, బిల్లు 1,85,000 అయింది. నా జీతం నెలకు 19,000. మా ఆయన ఎలక్ట్రీషియన్, పని ఉన్న రోజే డబ్బు. చిట్టీ ముందే పాడుకొని కొంత, నా గాజులు పెట్టి కొంత కట్టాం. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం చేయించే కేంద్ర పథకం 2025 మే నెలలోనే మొదలైంది. ఆ సంగతి మాకు అక్కడ ఒక్కరూ చెప్పలేదు, డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చాక తెలిసింది.

యాప్‌లో ‘ప్రతి ప్రయాణానికీ బీమా’ అని రాసి ఉంటుంది కదా, ఆ ధైర్యంతో కంపెనీకి మెయిల్ పెట్టాం. నాలుగు మెయిళ్ల తర్వాత వచ్చిన జవాబు, మా రికార్డుల ప్రకారం మీ ట్రిప్ సురక్షితంగా పూర్తయింది అని. ఇంకొకటి, ప్రమాదం గురించి ఇన్ని రోజుల్లోపే తెలియజేయాలట, నేను మంచం మీద ఉండగానే ఆ గడువు దాటిపోయిందట. అప్పుడు మా మేనల్లుడు నా ఫోన్ తీసుకొని పాత రైడ్లన్నీ వెతికి ఆ రాత్రి మ్యాప్ తెరిచాడు. బుక్ చేసిన చోటు దిల్‌సుఖ్‌నగర్, దిగాల్సిన చోటు బోడుప్పల్, కానీ ఆకుపచ్చ గీత నాగోల్ దాటాక నడిరోడ్డు మీద ఆగిపోయి ఉంది. బోడుప్పల్ పోవాల్సిన మనిషి రాత్రి పదింటికి వానలో అక్కడ ఎందుకు దిగుతుంది? ఆ స్క్రీన్‌షాట్, 108 రికార్డులో ఉన్న టైము, ఆసుపత్రి ఎమ్మెల్సీలో (పోలీసు కేసుల కోసం ఆసుపత్రి వాళ్లు రాసే రికార్డు) ఉన్న టైము, మూడూ పక్కపక్కన పెట్టాం. నా కేసులో ఇప్పటికి గట్టిగా నిలబడిన కాగితం అదొక్కటే. ఆ మేనల్లుడు లేకపోతే, ఫోన్ మార్చి ఉంటే, నా దగ్గర అది కూడా ఉండేది కాదు.

మూడో రోజు ఆ అబ్బాయి వాళ్లమ్మ వార్డుకు వచ్చింది. మంచం పక్కన నిలబడి ఏడ్చింది, ‘అక్కా, మీ కాళ్లు మొక్కుతా, కేసు వద్దు, పోరగాని బతుకు ఆగమైతది’ అని. చేతిలో 15,000 పెట్టబోయింది. వెంట వచ్చినాయన తెల్లకాగితం మీద ‘నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు’ అని రాసి తెచ్చాడు. నాకూ కొడుకున్నాడు, మనసు కరిగింది, నిజంగా పెన్ను పట్టుకున్నాను. నర్సమ్మ అడ్డం వచ్చి ‘సంతకం మాత్రం పెట్టకండమ్మా, మీ ఇన్సూరెన్స్ అంతా పోతుంది’ అంది. ఆమె మాట విన్నాను. ఆసుపత్రిలో ఉండగా ఇలాంటి కాగితం ఎవరు తెచ్చినా సంతకం పెట్టకండి. పరిహారం అడగడమంటే ఆ అబ్బాయిని జైలుకు పంపడం కాదు. అదే నాకు అప్పుడు తెలియదు, వాళ్లమ్మకూ తెలియదు.

ఆ తర్వాత ఆసుపత్రి క్యాంటీన్ దగ్గర ఒకతను మా ఆయనను పట్టుకున్నాడు. కేసు మొత్తం మేమే చూసుకుంటాం, వచ్చిన దాంట్లో ముప్పై శాతం మాకివ్వండి అన్నాడు. లాయర్లు వచ్చే సొమ్ములో వాటా మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. ఆడవాళ్లకైతే ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి చట్టంలో ఉంది, కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చెబుతారు. నాకు అక్కడే లాయరు గారిని ఇచ్చారు. ఓపికగా మాట్లాడతారు, ప్రతిదీ తెలుగులో అర్థమయ్యేలా చెప్పారు.

ఆవిడ చెప్పాక నాకు తెలిసినవి ఇవి. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద, తప్పు ఎవరిదో నిరూపించకుండానే, తీవ్రంగా గాయపడినవాళ్లకు రెండున్నర లక్షలు, ప్రాణం పోతే కుటుంబానికి ఐదు లక్షలు ఇవ్వాలి. ఎముక విరిగితే అది తీవ్ర గాయం కిందే లెక్క. కానీ ఇన్సూరెన్స్ వాళ్లు ఇస్తామన్న ఆ మొత్తానికి ఒప్పుకుంటే 166వ సెక్షన్ కింద నష్టమంతా లెక్కగట్టి వేసిన పెద్ద కేసు అక్కడితో ముగిసిపోతుంది, కాబట్టి తొందరపడకూడదు. 166 కింద కేసు ప్రమాదం జరిగిన చోటే కాదు, మనం ఉండే చోటి ట్రిబ్యునల్‌లోనైనా (ప్రమాద పరిహారం కేసులు వినే కోర్టు) వేయవచ్చు. ఆరు నెలల్లోపు వేయాలని 2022 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది, దాని మీద సుప్రీంకోర్టులో కేసులు వేశారు గానీ వాటిని నమ్ముకొని ఆలస్యం చేయొద్దని ఆవిడ గట్టిగా చెప్పారు. డీసీఎం దొరకలేదని నేను బెంగపడితే, రెండు బండ్ల తప్పూ కలిసి ఉన్నప్పుడు వెనక కూర్చున్న మనిషి మొత్తం పరిహారం ఏ ఒక్కరి దగ్గరైనా అడగొచ్చని 2015లోనే సుప్రీంకోర్టు తేల్చిందని చెప్పారు. ఆ మాట విన్న రోజు రాత్రి చాలా రోజుల తర్వాత నిద్ర పట్టింది.

పోలీసులు ప్రమాదం సంగతి తెలిసిన 48 గంటల్లో ట్రిబ్యునల్‌కు మొదటి రిపోర్టు పంపాలి, పది రోజుల్లో బాధితులకు వాళ్ల హక్కులు రాసిన కాగితం చేతికివ్వాలి, 90 రోజుల్లో పూర్తి రిపోర్టు ఇవ్వాలి. ఇవన్నీ నిబంధనల్లో ఉన్నాయి. నా విషయంలో ఎఫ్‌ఐఆరే ఐదో రోజున అయింది, అందులో ‘స్నేహితుడి బండి మీద వెళ్తుండగా’ అని రాశారు. మా ఆయన రెండుసార్లు తిరిగి అది కిరాయి ప్రయాణమని మళ్లీ వాంగ్మూలం ఇప్పించారు. హక్కుల కాగితం నేను ఇంతవరకు చూడలేదు.

ట్రిబ్యునల్‌లో కేసు వేశాం. ఇక అసలు బాధ. ఆ బండి ఆ అబ్బాయి మేనమామ పేరు మీద ఉంది, తెల్ల నంబరు ప్లేటు, అంటే సొంత వాడకం బండి. ఇన్సూరెన్స్ ఉంది. కానీ ఇన్సూరెన్స్ కంపెనీ కోర్టులో జవాబుగా వేసిన కౌంటర్‌లో, ఇది సొంత వాడకానికి తీసుకున్న పాలసీ, కిరాయికి తిప్పారు కాబట్టి మాకు బాధ్యత లేదు అన్నారు. ఇలాంటప్పుడు ముందు ఇన్సూరెన్స్ కంపెనీ బాధితులకు చెల్లించి, తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు ఆదేశించడం ఉందట. నాకైతే డబ్బు వస్తుందేమో. కానీ వసూలు ఎవరి దగ్గర? ఆ మేనమామ దగ్గర. ఆయన సెంట్రింగ్ పని చేస్తాడు. మా మూడో ప్రతివాది యాప్ కంపెనీ. మేం ప్రయాణికురాలిని, బండిని కలిపే సాంకేతిక వేదిక మాత్రమే, ప్రమాదంతో మాకు సంబంధం లేదు అని వాళ్ల కౌంటర్.

ఎలా సంబంధం లేదు? ఆ అబ్బాయిని నేను రోడ్డు మీద చెయ్యెత్తి ఆపలేదు. ఎవరిని పంపాలో వాళ్లే తేల్చారు, రేటు వాళ్లే పెట్టారు, ఏ దారిలో పోవాలో వాళ్ల మ్యాపే చెప్పింది, వచ్చిన డబ్బులో వాటా వాళ్లే తీసుకున్నారు. బండి ఏ పాలసీ మీద నడుస్తోందో తెలుసుకోకుండా కిరాయికి పంపింది వాళ్లే. డబ్బులొచ్చేటప్పుడు అది వాళ్ల రైడు, కాలు విరిగితే ఒక సెంట్రింగ్ కూలీ రైడా? ఈ కేసులో తలపడుతున్నది నేను, ఆ మేనమామ. ఇద్దరం ఒకే రకం మనుషులం. కోర్టు వరండాలో ఆయన నాకు కుర్చీ జరిపి తను నిలబడ్డాడు.

కేంద్రం 2025 జూలైలో ఈ యాప్ కంపెనీలకు కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. రాష్ట్రం అనుమతిస్తేనే సొంత బైకులను కిరాయికి నడపాలని, ప్రయాణికులకు కనీసం ఐదు లక్షల బీమా ఉండాలని అందులో ఉంది. మన దగ్గర ఇవి ఎంతవరకు అమలవుతున్నాయో రవాణా శాఖ పేపర్లో ప్రకటన ఇచ్చి చెప్పాలి. బుక్ చేసేటప్పుడే బండి నంబరుతో పాటు ఆ బండికి కిరాయికి పనికొచ్చే ఇన్సూరెన్స్ ఉందా లేదా అన్నది తెర మీద చూపించాలి. గమ్యం చేరకుండా దారిలో ముగిసిన ట్రిప్పును ‘పూర్తయింది’ అని రాయకూడదు, ఏమైందని ప్రయాణికురాలికి ఫోన్ చేసి కనుక్కోవాలి. 61 రూపాయలు లెక్కగట్టగలిగిన యాప్‌కు, బండి ఒక్కసారిగా ఆగిపోయిందని తెలుసుకోవడం కష్టమా?

నా ఉద్యోగం సంగతి కూడా చెప్పాలి. చీరల షాపులో తెల్ల పరుపు మీద బాసిపట్లు వేసుకొని కూర్చొని, రోజుకు వంద, నూట యాభై చీరలు విప్పి చూపించి మళ్లీ మడతపెట్టాలి. ఇప్పుడు నా మోకాలు సగమే ముడుచుకుంటుంది. డాక్టరు గారు 15 శాతం వైకల్యం అన్నారు. కాగితం మీద అది చిన్న అంకె, కానీ పరుపు మీద కూర్చోలేనిదాన్ని ఆ పనికి ఎవరు పెట్టుకుంటారు? వైకల్యం శాతం వేరు, దానివల్ల పోయిన సంపాదన వేరు అని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది, మా లాయరు గారు దాని మీదే వాదిస్తున్నారు. నాకు 43 ఏళ్లు. ఈ వయసుకు, ఏడాదికి పోయిన సంపాదనను లెక్కలో 14తో గుణిస్తారు. నా సంపాదనలో ఐదో వంతు పోయిందని ఒప్పుకున్నా ఏడాదికి 45,600, పద్నాలుగుతో గుణిస్తే 6,38,400. ఆసుపత్రి ఖర్చు, పనిలేని నెలల జీతం దానికి వేరే. ఇన్సూరెన్స్ వాళ్ల మనిషి లోక్ అదాలత్‌లో తేల్చుకుందామని బయట ఇస్తామన్న మొత్తం లక్షా ఇరవై వేలు. ఆసుపత్రి బిల్లుకు కూడా సరిపోదు. వద్దన్నాను. లోక్ అదాలత్ మంచిదే, సరైన మొత్తం వస్తే అక్కడ త్వరగా తేలిపోతుంది, పైగా అప్పీళ్ల బాధ ఉండదు. కానీ మన లెక్క మనకు తెలియకుండా అక్కడ కూర్చోకూడదు.

మా యజమాని మంచివారు, తీసేయలేదు, బిల్లు కౌంటర్ దగ్గర స్టూలు వేయించారు. జీతం 13,000. వచ్చే నెల మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాలి, ఆ తర్వాత వాయిదా ఉంది. ఇలా బైక్ ట్యాక్సీ మీద పోతూ దెబ్బతిని ‘మీ ట్రిప్ పూర్తయింది’ అన్న జవాబు వచ్చినవాళ్లు ఇంకా ఉండి ఉంటారు. వాళ్లు మీకు రాస్తే దయచేసి వేయండి, మా లాయరు గారికి అలాంటి కాగితాలు ఇంకో రెండు దొరికినా కోర్టులో చూపిస్తామంటున్నారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బోడుప్పల్