అలారం మోగితే ముందు లేవాల్సింది పెద్దవాళ్లే

సంపాదకులకు నమస్కారం.

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. జూన్‌లో పిల్లల్ని హాస్టల్లో చేర్చాలనుకునే ఇళ్లలో కొందరికి ఇప్పుడే గుబులు పట్టుకుంటుంది. తొమ్మిదేళ్లు, పదేళ్లు వచ్చినా రాత్రిళ్లు పక్క తడిపే పిల్లాణ్ణి అక్కడికి ఎలా పంపడం? ఈ మధ్య పక్క తడవగానే మోగే బెడ్‌వెట్టింగ్ అలారాలు ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరుకుతున్నాయి. తెప్పించుకున్నవాళ్లు చాలామంది వారం పది రోజులు చూసి, ‘అది మోగితే ఇల్లంతా లేచింది గానీ మావాడు మాత్రం లేవలేదు’ అని అటక మీద పడేస్తున్నారు. పిల్లాడు లేవకపోవడం మొదట్లో అందరిళ్లలోనూ జరిగేదే. ఆ సంగతి ముందే చెప్పేవాళ్లు లేక, పనికొచ్చే పరికరం పక్కన పడిపోతోంది. అందుకే ఈ ఉత్తరం.

మొదట ఒక మాట. పక్క తడపడం బద్ధకం కాదు, పొగరు అంతకన్నా కాదు. ఐదేళ్ల వయసులో నూటికి సుమారు 15 మంది, పదేళ్లకు సుమారు ఐదుగురు పిల్లలు రాత్రిళ్లు తడుపుతారు. అమ్మకో నాన్నకో చిన్నప్పుడు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం బాగా ఎక్కువ. రాత్రివేళ మూత్రం తయారీని తగ్గించే వాసోప్రెసిన్ అనే హార్మోను కొందరిలో చాలినంత ఉండదు. కొందరి మూత్రాశయం తెల్లారేదాకా ఆపుకోలేదు. ఈ రెంటికీ తోడు, నిండిన సంగతి నిద్రలో ఉన్న మెదడుకు అందదు. కొట్టినా, చుట్టాల ముందు చెప్పి సిగ్గుపడేలా చేసినా, వాతలు పెట్టినా వీటిలో ఏ ఒక్కటీ మారదు. పిల్లాడు తడిసిన నిక్కరు దాచడం మాత్రం నేర్చుకుంటాడు.

అలారం కొనేముందు ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించండి. పగలు కూడా నిక్కరు తడుస్తున్నా, మూత్రానికి వెళ్తే మంటగా ఉందన్నా, ఆరు నెలలకు పైగా పొడిగా ఉండి మళ్లీ మొదలైనా, విపరీతమైన దాహంతో పాటు బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకూడదు. చివరిది షుగరు వ్యాధి లక్షణం కావచ్చు, ఆ రోజే పరీక్ష చేయించాలి. గట్టిగా గురక పెట్టే పిల్లలుంటే ఆ మాటా చెప్పండి. అన్నిటికన్నా ఎక్కువగా తప్పిపోయేది మలబద్ధకం. పేగులో గట్టిపడిన మలం మూత్రాశయాన్ని నొక్కుతుంది. దాన్ని సరిచేయకుండా ఎంత మంచి అలారం పెట్టినా ఫలితం అంతంతమాత్రమే.

ఇక పరికరం సంగతి. 1938లో అమెరికాలో మౌరర్ దంపతులు పరుపు మీద తడి తగలగానే గంట మోగే ఏర్పాటు గురించి రాశారు. ఇప్పుడు దొరికేవీ అదే సూత్రం మీద నడుస్తాయి. డ్రాయరుకు తగిలించే సెన్సరు ఒకటి, అక్కడి నుంచి సన్నటి వైరు, భుజం దగ్గర బనియనుకు పెట్టుకునే చిన్న అలారం. మూత్రంలో ఉప్పు ఉంటుంది కాబట్టి తడవగానే కరెంటు ప్రవహించి మోగుతుంది. వైరు లేనివీ, పరుపు మీద పరిచేవీ ఉన్నాయి. వణుకు (వైబ్రేషన్) మాత్రమే ఉన్నది కొనకండి, గట్టి మోత కూడా ఉండాలి. ఒక్క మీట నొక్కితే ఆగిపోయేదానికన్నా, ముందు సెన్సరు ఊడదీసి తర్వాత మీట నొక్కితేనే ఆగేది మేలు. మొదటిదైతే పిల్లలు నిద్రలోనే ఆపేస్తారు.

ఉప్పు దగ్గరే మన ఊళ్లలో ఒక చిక్కుంది. చెమటలోనూ ఉప్పే కదా. కృష్ణా తీరపు ఉక్కపోతలో, కరెంటు పోయిన రాత్రి, సెన్సరు నేరుగా ఒంటికి తగిలితే ఉత్త పుణ్యానికి మోగుతుంది. రెండు రాత్రులు అలా మోగితే ఇంట్లో అందరికీ దాని మీద నమ్మకం పోతుంది. అందుకని ఒంటికి సరిపడా బిగువుగా ఉండే పల్చటి నూలు డ్రాయరు వేసి, సెన్సరును బయటివైపు తగిలించి, కదలకుండా పైన ఇంకో డ్రాయరు వేయాలి. మగపిల్లలకు ముందువైపు, మూత్రం మొదట తగిలే చోట; ఆడపిల్లలకు కాస్త కిందికి, కాళ్ల మధ్య. వదులు నిక్కర్లకు, నైలాన్ బట్టకు పెడితే తడి ఆలస్యంగా చేరుతుంది, అలారం మోగేసరికి పరుపు తడిసిపోతుంది. డైపరు వేసి అలారం పెట్టడమూ ఇలాంటిదే, తడినంతా అదే పీల్చేసుకుంటుంది. వైరును బనియను లోపలి నుంచి పోనివ్వండి, మెడ చుట్టూ రాకూడదు.

సెన్సరును పొద్దున్నే కొద్దిగా సబ్బునీళ్లతో తుడిచి పూర్తిగా ఆరబెట్టాలి. మూత్రం ఎండి ఉప్పు పేరుకుంటే లోహపు భాగాలు తుప్పుపడతాయి, అప్పుడు తడవకుండానే మోగుతుంది, లేదా తడిసినా మోగదు. వైరు తెగేది దాదాపు ఎప్పుడూ అలారంలో గుచ్చే పిన్ను మొదట్లోనే కాబట్టి వైరు పట్టుకుని లాగకుండా పిన్ను పట్టుకుని తీయడం నేర్పండి. మోత తగ్గిందనిపిస్తే బ్యాటరీ మార్చండి.

పడక కూడా ముందే సర్దుకోవాలి. పరుపు మీద రబ్బరు షీటు, దానిపై దుప్పటి, మళ్లీ రబ్బరు షీటు, మళ్లీ దుప్పటి. రాత్రి పై జత లాగేస్తే కింద పొడి పక్క సిద్ధంగా ఉంటుంది. మారు డ్రాయర్లు, తువ్వాలు చేతికందే దూరంలో పెట్టుకోండి. బాత్రూందాకా చిన్న బల్బు వెలగాలి. మరుగుదొడ్డి పెరట్లో ఉన్న ఇళ్లలో గది మూలన ఒక బకెట్ పెట్టండి. చీకట్లో పెరట్లోకి వెళ్లాలంటే ఏ పిల్లాడైనా లేవడానికి వెనకాడతాడు.

మొదటి రోజు సాయంత్రం, వెలుతురులోనే ఒక రిహార్సల్ కావాలి. సెన్సరు మీద తడివేలు పెట్టి మోత వినిపించండి. పిల్లాడు పక్క మీద కళ్లు మూసుకుని పడుకోవాలి, మోగగానే లేచి, తనే ఆపి, బాత్రూంకి నడిచివెళ్లి రావాలి. రెండు మూడు సార్లు చేయించండి. మొదటి వారమంతా పడుకునే ముందు ఒకసారి ఇలా చేయిస్తే చాలు.

ఇప్పుడు అసలు పని. మొదటి రెండు మూడు వారాలు అలారం పెద్దవాళ్ల కోసమే మోగుతుంది అనుకోండి. అమ్మో నాన్నో అదే గదిలో పడుకోవాలి. ఇంటిల్లిపాదీ ఒకే ఏసీ గదిలో పడుకునే ఇళ్లకు ఈ విషయంలో ఇబ్బందే లేదు. మోగిన వెంటనే లేచి లైటు వేయండి, పేరుపెట్టి పిలవండి, లేపి కూర్చోబెట్టండి, తడిగుడ్డతో మొహం తుడవండి. జాలిపడి మీరు ఆపేయకండి. ఆపడం పిల్లాడి చెయ్యే చేయాలి, ఎందుకంటే మోతకూ మూత్రాశయం నిండటానికీ అతని మెదడులోనే లంకె పడాలి. తర్వాత తన కాళ్ల మీద తను నడిచి వెళ్లి మిగిలింది పోయాలి, డ్రాయరు మార్చుకోవాలి, సెన్సరు తుడిచి మళ్లీ తగిలించుకోవాలి. చంకనేసుకుని తీసుకెళ్లి పోయిస్తే పక్క ఆ పూటకు పొడిగా ఉంటుందేమో గానీ పిల్లాడు నేర్చుకునేది ఏమీ ఉండదు.

నిజంగా మెలకువ వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. బాత్రూం దగ్గర ఓ మాట చెప్పండి, ‘గోంగూర’ అనో ‘బ్యారేజీ’ అనో. పొద్దున అడిగితే చెప్పగలిగితే రాత్రి మేలుకున్నట్టే. చెప్పలేకపోతే తిట్టకండి, మర్నాడు ఇంకాస్త బాగా లేపండి. ఈ దశలో ఇద్దరు పెద్దవాళ్లూ వంతులేసుకోవాలి. భారమంతా ఒక్క అమ్మ మీదే పడితే పదో రాత్రికల్లా ఓపిక, దానితో పాటు వైద్యం కూడా ఆగిపోతాయి.

క్యాలెండరు మీద రోజూ మూడు సంగతులు రాయండి: ఎన్ని గంటలకు మోగింది, తడి మరక ఎంత ఉంది, తనంతట తను లేచాడా లేదా. మొదట్లో పూర్తి పొడి రాత్రులు రావు. పదకొండింటికి మోగేది రెండింటికి మోగడం, దుప్పటంతా తడిసేది డ్రాయరు దగ్గరే ఆగడం, రాత్రికి రెండుసార్లు మోగేది ఒకసారికి రావడం, ఇవే మెరుగుపడుతున్న గుర్తులు. నాలుగు వారాలకు వీటిలో ఒక్కటీ కనిపించకపోతే ఆపేసి, కొన్ని నెలల తర్వాత మళ్లీ మొదలుపెట్టవచ్చు. గుర్తులు కనిపిస్తుంటే వరుసగా 14 పొడి రాత్రులు వచ్చేదాకా కొనసాగించాలి. దానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. వాడినవాళ్లలో సుమారు మూడింట రెండు వంతుల మంది పొడిగా మారతారు. చివరికి చాలామంది లేవకుండానే తెల్లారేదాకా ఆపుకోగలుగుతారు.

నీళ్ల విషయంలో మనవాళ్లు చేసేది తలకిందులు. స్కూల్లో బాత్రూం బాగోదని పిల్లలు పగలంతా గుక్కెడు నీళ్లు తాగరు. సాయంత్రం ఇంటికొచ్చి సీసాలు ఖాళీ చేస్తారు, తొమ్మిదింటికి మజ్జిగన్నం తిని పడుకుంటారు. రాత్రి నీళ్లు కట్ చేయడం కాదు, పగటిపూట తాగించడం ముఖ్యం. ఎనిమిదేళ్ల పిల్లాడికి రోజుకు లీటరు నుంచి 1.4 లీటర్ల దాకా కావాలి, ఎండల్లో ఇంకా ఎక్కువే. అందులో ఐదింట నాలుగు వంతులు సాయంత్రానికి ముందే అయిపోవాలి. టీ, కాఫీ, కూల్‌డ్రింకులు వద్దు. పగలు రెండు మూడు గంటలకోసారి బాత్రూంకి వెళ్లనివ్వాలి. టీచర్లు దీనికి అడ్డు చెప్పకపోతే సగం సాయం చేసినట్టే.

పద్నాలుగు పొడి రాత్రులు అయ్యాక వెంటనే తీసేస్తే కొందరికి మళ్లీ మొదలవుతుంది. అందుకని అలారం ఉంచే, పడుకోబోయే ముందు 120 మిల్లీలీటర్ల నీళ్లు తాగించండి. రెండు రాత్రులు పొడిగా ఉంటే మరో 60 పెంచండి. ఎనిమిదేళ్ల పిల్లాడికి 300 మిల్లీలీటర్ల దగ్గర ఆపాలి. తడిపితే ఒక మెట్టు దిగండి. ఇలా చేస్తే తిరగబెట్టడం తగ్గుతుంది. తిరగబెట్టినా భయం లేదు, రెండోసారి మామూలుగా త్వరగానే దారిలో పడతారు.

రాత్రి మూత్రం తయారీని తగ్గించే డెస్మోప్రెసిన్ మాత్ర వాడే పిల్లలకు ఈ నీళ్ల అభ్యాసం ఎంతమాత్రం చేయించకూడదు. ఆ మాత్ర వేసుకునే గంట ముందు నుంచి, వేసుకున్నాక ఎనిమిది గంటల వరకు నీళ్లు చాలా తగ్గించాలి. లేకపోతే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినప్పుడే వాడాల్సిన మందది. ఊరెళ్లినప్పుడు, పెళ్లిళ్లప్పుడు పనికొస్తుంది. మానేస్తే చాలామందికి మళ్లీ మొదలవుతుంది.

ఇప్పుడు హాస్టల్ సంగతి. ఏప్రిల్ చివర్లో సెలవులిచ్చాక మొదలుపెడితే జూన్ 12కి ఏడు వారాలే చేతిలో ఉంటాయి, చాలవు. ఈ వారమే మొదలుపెట్టండి. ఇరవై మంది పడుకునే హాలులో అలారం పెట్టడం కుదరదు, లేపడానికి పెద్దవాళ్లుండరు, తోటిపిల్లల వెక్కిరింతలు మాత్రం ఉంటాయి. అప్పటికి నయం కాకపోతే ఒక ఏడాది ఇంటి దగ్గరి బడిలో చదివించండి, నష్టమేమీ లేదు. పంపక తప్పకపోతే వార్డెన్‌కు ముందే విడిగా చెప్పి, బాత్రూం దగ్గరి మంచం, మారు దుప్పట్లు, తెల్లారకముందే తీసేసే ఏర్పాటు అడగండి.

గుంటూరు, విజయవాడ ప్రభుత్వాసుపత్రుల పెద్దలకు ఒక విన్నపం. పిల్లల విభాగంలో కొన్ని అలారాలు ఉంచి, చిన్న డిపాజిట్ మీద మూడు నెలలకు అరువివ్వండి. ఒకరి తర్వాత ఒకరికి ఇచ్చేటప్పుడు సెన్సరు మాత్రం కొత్తది వేస్తే చాలు, మిగతా పరికరం ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఇచ్చే రోజు ఒక నర్సు అరగంట కూర్చుని రిహార్సల్ చేయించాలి, రెండు వారాలకు ఒకసారి ఫోన్ చేసి క్యాలెండరు సంగతి అడగాలి. కూలికి వెళ్లి రాత్రికి ఒళ్లు వాల్చే తల్లిదండ్రులకు అలారం చేతికిస్తే సరిపోదు, ఆ ఫోన్ కాల్ కూడా కావాలి.

ఇట్లు,
పిల్లల వార్డు నర్సులు కొందరు,
గుంటూరు