కాలేయ కణంలో కంటి జన్యువులు ఉండవా?

సంపాదకులకు,

ఇటీవల మీ ఆదివారం ఆరోగ్య పేజీలో మూలకణాల (ఇతర రకాల కణాలుగా మారగల కణాల) మీద వచ్చిన వ్యాసానికి తరువాతి సంచికల్లోనైనా సవరణ వేస్తారని ఎదురుచూశాను. వేయలేదు కనుక రాయక తప్పడం లేదు. పిండం ఎదిగేకొద్దీ కాలేయ కణాల్లో కాలేయానికి కావలసిన జన్యువులు మాత్రమే మిగిలి, తక్కినవి నశిస్తాయని అందులో అచ్చయింది. అది చాలదన్నట్టు కాలేయ కణంలో ఎర్రని డీఎన్ఏ, నాడీకణంలో నీలి డీఎన్ఏ వేసిన పెద్ద బొమ్మ ఒకటి. పీయూసీ (ఇంటర్) విద్యార్థి ఈ బొమ్మ గీస్తే సున్నా వేసి పంపిస్తారు.

మనిషిలో ప్రొటీన్లకు సంబంధించిన జన్యువులు సుమారు 20,000. కేంద్రకాన్నే వదులుకునే ఎర్ర రక్తకణాల వంటి కొన్ని మినహాయింపులు పక్కన పెడితే, అవన్నీ ప్రతి కణంలోనూ ఉంటాయి. అరచేతి చర్మంలోనూ ఇన్సులిన్ జన్యువు ఉంది. కానీ దాని పక్కనున్న నియంత్రణ భాగాన్ని పట్టుకుని పని చేయించే ప్రొటీన్ల జట్టు క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లో ఉన్నట్టు చర్మంలో ఉండదు. పైగా అక్కడి డీఎన్ఏ హిస్టోన్లనే ప్రొటీన్లకు బిగుతుగా చుట్టుకుని, మిథైల్ అనే రసాయన గుర్తులు పడి మూసుకుని ఉంటుంది. కణం చీలినప్పుడు ఆ గుర్తులు పిల్లకణాలకూ నకలవుతాయి కాబట్టే చర్మం చర్మంగానే కొనసాగుతుంది. బీరువాలో దస్త్రాలన్నీ ఉన్నా పైవారి సంతకం పడినదే కదలడం బెంగళూరులో ఆస్తి ఖాతా పత్రం కోసం తిరిగినవారికి కొత్త సంగతేమీ కాదు.

జన్యువులు నశించే మాటే నిజమైతే, 1962లో బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ గర్డన్ తోకకప్ప పేగు కణంలోని కేంద్రకాన్ని కప్ప అండంలో పెట్టి మళ్ళీ తోకకప్పలను ఎలా ఎదిగించగలిగారు? 2006లో జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాక నాలుగంటే నాలుగు జన్యువులను చొప్పించి ఎలుక చర్మకణాలను మూలకణాల స్థితికి ఎలా తీసుకువెళ్ళారు? వీరిద్దరికీ 2012లో నోబెల్ ఇచ్చింది ఇందుకే. అంతదాకా ఎందుకు, గర్భంలో పనిచేసే హిమోగ్లోబిన్ జన్యువును పుట్టిన తరువాత బీసీఎల్11ఏ అనే ప్రొటీన్ అణచివేస్తుంది; రక్త మూలకణాల్లో ఆ ప్రొటీన్ తయారీని తగ్గించి పాత జన్యువును మళ్ళీ మేల్కొలిపే, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి చికిత్సకు 2023లో బ్రిటన్, అమెరికా అనుమతి ఇచ్చాయి. నశించినదాన్ని మేల్కొలపడం ఏ వైద్యుడి తరమూ కాదు.

ఇది పండితుల పట్టింపు అని కొట్టిపారేయకండి. మీ వ్యాసం కిందనే, మధుమేహం నుంచి ఆటిజం దాకా ఒక్క మూలకణాల ఇంజక్షనుతో నయం చేస్తామన్న ప్రకటన వేశారు. మూలకణం బీటా కణంగా మారాలంటే ప్రయోగశాలలో వారాల తరబడి, దశకో రకం రసాయన సంకేతం వరస తప్పకుండా అందించాలి. చేతికి సూది గుచ్చినంత మాత్రాన అది తన దారి తానే వెతుక్కుని క్లోమంలో కుదురుకుంటుందని నమ్మేవారు, జన్యువులు నశిస్తాయన్నా నమ్ముతారు. కొన్ని రక్తవ్యాధుల వంటివాటికి ఆమోదం పొందిన చికిత్సల్లో తప్ప, అనుమతి ఉన్న పరిశోధన వెలుపల మూలకణాలను రోగులకు ఎక్కించడం అనైతికమని 2017 నాటి జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మధుమేహాన్ని నయం చేస్తామనే ప్రకటనలను నిషేధించిన చట్టమైతే 1954 నాటిది. అయినా ఔటర్ రింగ్ రోడ్డు పొడవునా ఆ హోర్డింగులు వెలుగుతూనే ఉన్నాయి. కరెంటు స్తంభానికి "ఇల్లు అద్దెకు" కాగితం అంటించిన ముసలాయనను వదలని అధికారులకు, ఇరవై అడుగుల అబద్ధం కనిపించకపోవడం విచిత్రం.

మూలకణాల మీదే పనిచేసే ఇన్‌స్టెమ్ సంస్థ ఈ ఊళ్ళోనే, బళ్ళారి రోడ్డు మీద జీకేవీకే ఆవరణలో ఉంది. అచ్చుకు ముందు ఒక్క ఫోను చేసే ఓపిక మీ విలేకరికి లేకపోయింది. ఒకప్పుడు సైన్సు వ్యాసాన్ని తెలిసినవారికి చూపించాకే వేసేవారు. ఇప్పుడు ప్రకటన ఎవరిదో చూసుకుని వేస్తున్నట్టుంది.

దిద్దుబాటును లోపలి పేజీ మూలన చీమతలకాయ అక్షరాల్లో కాకుండా, అదే ఆరోగ్య పేజీలో, అంతే పెద్ద బొమ్మను సరిగా గీయించి వేయండి. ఆ ప్రకటనను కూడా ఆపండి.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకుడు,
మల్లేశ్వరం, బెంగళూరు