తప్పు పిల్ల చేతిది కాదు, కిట్‌ది

సంపాదకులకు నమస్కారం.

సెలవుల్లో పిల్లల చేత ఫోన్ పక్కన పెట్టించాలంటే ప్లాస్టిక్ విమానాల కిట్లు కొనివ్వమని మీ ఆదివారం సంచికలో రాశారు. మంచి సలహానే. కాకపోతే, కాగితంలో చూపించినట్టు ముక్కలు అతికిస్తూ పోతే చాలన్నారు. అది చదివాక మా ఇంట్లో జరిగింది మీకు రాయాలనిపించింది.

బాలానగర్‌లో ముప్ఫై నాలుగేళ్లు డై ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. బకెట్లు, స్విచ్ బోర్డులు, మిక్సీ మూతలు, ఇలాంటివాటి అచ్చులు బిగించడం, అరిగితే బాగుచేయడం నా పని. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21లకు మన వైమానిక దళం వీడ్కోలు చెప్పడం టీవీలో చూసి, ఏడో తరగతి చదివే మా మనవరాలు ‘తాతయ్యా, అది నేను చేస్తా’ అంది. 1963లో మన దగ్గరికొచ్చిన విమానం అది. నా చిన్నతనం నుంచీ పేరు వింటూనే ఉన్నాను. సంబరపడి 1/72 స్కేలు కిట్ ఒకటి కొనిచ్చాను.

1/72 అంటే అసలు విమానంలో 72 మిల్లీమీటర్లు ఇక్కడ ఒక్క మిల్లీమీటరు. మిగ్-21 రెక్కలు ఆ కొస నుంచి ఈ కొసకి 7.15 మీటర్లు. మా బల్ల మీద అది పది సెంటీమీటర్లు కూడా లేదు. ఈ లెక్కన ఒక్క మిల్లీ సందు పడిందంటే అసలు విమానానికి ఏడు సెంటీమీటర్ల సందు పడ్డట్టే.

పడింది కూడా. విమానం ఒళ్లు రెండు సగాలుగా వస్తుంది. ఒక సగం అరటికాయలా వంగి ఉంది. ముక్కు దగ్గర కలిపితే తోక దగ్గర విడిపోతోంది. అంచుల వెంట ఉల్లిపొర లాంటి ఫ్లాష్, అంటే అచ్చు సందులోంచి బయటికి కారిన ప్లాస్టిక్. ఎడమ రెక్క మీద వేలితో నొక్కినట్టు సింక్ మార్కు. గాలి వేగం కొలవడానికి ముందు పొడుచుకొచ్చే పిటాట్ గొట్టం సగంలోనే ఆగిపోయింది, ప్లాస్టిక్ కొస దాకా చేరలేదు. స్టిక్కర్లలో మన వైమానిక దళం గుర్తు చూస్తే, కాషాయం తెలుపు మీదకి జరిగిపోయి ఉంది.

పిల్ల రెండు రోజులు తంటాలు పడింది. మూడో రోజు అన్నీ పెట్టెలో వేసేసి ‘నాకు చేతకాదు తాతయ్యా’ అని పక్కకెళ్లి కూర్చుంది. నాకు ప్రాణం చివుక్కుమంది. ముప్ఫై నాలుగేళ్లు ఇలాంటి ముక్కల్ని రిజెక్ట్ డబ్బాలో పడేసినవాణ్ణి. మా షాపులో బకెట్ ఇలా వస్తే సూపర్‌వైజర్ మెషిన్ ఆపించేవాడు.

షాపుకి వెళ్తే, సీలు విప్పాక వెనక్కి తీసుకోం అన్నారు. పట్టుదలకొద్దీ మరో షాపులో అదే కంపెనీ, అదే నంబరు, అదే బొమ్మ ఉన్న పెట్టె కొన్నాను. విప్పి ఒళ్లు సగాలు రెండూ కలిపితే టక్కున కూర్చున్నాయి.

ఈ కిట్లు చేసే పాలీస్టైరీన్ ప్లాస్టిక్ చల్లారేటప్పుడు నూటికి అర వంతు కుంచించుకుపోతుంది. జానెడు ముక్కకి అది దాదాపు ఒక మిల్లీ. అందుకే ఆ మేరకు అచ్చునే పెద్దగా కోస్తాం. కానీ అచ్చు ఎంత బాగా కోసినా, గంటకి నాలుగు ముక్కలు ఎక్కువ తీయాలని చల్లారే టైము తగ్గించి వేడి మీదే బయటికి లాగితే ముక్క వంగుతుంది. ప్రెషర్ చాలకపోతే కొసలు నిండవు, మందంగా ఉన్నచోట గుంట పడుతుంది. అచ్చు అంచులు అరిగితే ఫ్లాష్ కారుతుంది. ఒకే కిట్ ఒక పెట్టెలో బాగుండి మరో పెట్టెలో పాడవడానికి ఎక్కువసార్లు కారణం మెషిన్ దగ్గర తొందర, ముక్కని చేత్తో పట్టుకుని చూసే మనిషి లేకపోవడం.

మొదటి కిట్‌నీ వదల్లేదు. పొయ్యి మీంచి దించి కాసేపు ఆగిన వేడినీళ్లలో వంగిన సగాన్ని ముంచి, మెల్లగా సరిచేసి, చల్లనీళ్లలో పెట్టాను. రెండుసార్లకి దారికొచ్చింది. ఫ్లాష్ బ్లేడుతో గీకేశాం. ఈ కిట్ల జిగురు ప్లాస్టిక్‌నే కరిగించి కలుపుతుంది. రన్నర్ తునకలు, అంటే ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ కాడల తునకలు, అందులో వేసి రాత్రంతా ఉంచితే తీగపాకంలా తయారైంది. సింక్ గుంటలో అదే నింపి, ఆరాక వాటర్ పేపర్‌తో రుద్దాం. ఆ వాసనకి కిటికీలు తీసి ఉంచాలి. గొట్టం బదులు కుట్టుసూది పెట్టాం. పిల్ల మొహంలో వెలుగొచ్చింది. అయితే మా ఇంట్లో డై ఫిట్టర్ ఉన్నాడు కాబట్టి సరిపోయింది. లేని ఇంట్లో ఆ పెట్టె అటక మీదకి పోతుంది. పిల్ల మళ్లీ ఇంకో కిట్ ముట్టుకోదు.

అమ్మేవాళ్లని కోరేది ఒకటే. కొనే ముందు షాపులోనే పెట్టె విప్పి చూడనివ్వండి. కొన్ని విదేశీ కంపెనీలు పాడైన ముక్క వరకు పోస్టులో పంపుతాయి, ఆ పద్ధతి ఇక్కడి డీలర్లూ పెట్టాలి. అచ్చు ఏ సంవత్సరానిదో కూడా పెట్టె మీద ఉండాలి. కిట్లు చేసే బ్రిటన్ కంపెనీ ఎయిర్‌ఫిక్స్ వాళ్లు పాత అచ్చుల కిట్లని ‘వింటేజ్ క్లాసిక్స్’ పేరుతో విడిగా అమ్ముతున్నారు, కొనేవాడికి ఏం వస్తుందో ముందే తెలుస్తుంది. పాత అచ్చునే కొత్త పెట్టెలో, ఒక్కోసారి వేరే కంపెనీ పేరుతో అమ్మితే అది తెలిసేదెలా?

మీరు ఈసారి పిల్లల పేజీలో కిట్ల గురించి రాసినప్పుడు తల్లిదండ్రులకి ఒక్క మాట చేర్చండి. జిగురు మూత తీయకముందు ముక్కలన్నీ టేపుతో కలిపి చూడమనండి. అప్పుడే సరిగా కూర్చోకపోతే, ఆ మాట పిల్లకి ముందే చెప్పమనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డై ఫిట్టర్,
కూకట్‌పల్లి, హైదరాబాద్